అన్నమయ్య సంకీర్తనలపై పరిశోధనకు, ప్రదర్శనకు గ్రాంటు: కడప నుంచి దరఖాస్తు ఎలా చేయాలి

కడప, రాజంపేట, ప్రొద్దుటూరు వైపు సంగీతం నేర్చుకుంటున్నవాళ్లు, భజన బృందాలు నడిపేవాళ్లు, తెలుగు ఎం.ఏ. చదివినవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "అన్నమయ్య సంకీర్తనల మీద పనిచేయాలని ఉంది. ప్రభుత్వం డబ్బు ఇస్తుందట. ఎలా అడగాలి?"

ఇస్తుంది. అయితే అన్నమయ్య గొప్పవాడన్న కారణంతో ఇవ్వదు. ఆయన గొప్పతనం కమిటీలో కూర్చున్న పండితులకు ముందే తెలుసు. మీరు ఏ పాటలు తీసుకుంటారు, వాటితో ఏమి చేస్తారు, చివరికి ఏమి అందిస్తారు అన్నవే వాళ్లకు తెలియవు. దరఖాస్తు ఆ మూడింటికీ జవాబు చెప్పాలి. ఇక్కడ అన్నమయ్యను ఉదాహరణగా తీసుకుంటున్నాను కానీ, పోతులూరి వీరబ్రహ్మంగారి తత్వాలకైనా, త్యాగరాజ కృతులకైనా దారి ఇదే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ఆధార్, పాన్, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా
- పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్, డిగ్రీ సర్టిఫికెట్లు
- గురువు దగ్గర ఎన్నేళ్లు నేర్చుకున్నారో తెలిపే, గురువు సంతకం ఉన్న పత్రం
- మీరు పాడిన కార్యక్రమాల కరపత్రాలు, పత్రికల్లో వచ్చిన వార్తలు, శుభ్రంగా వినిపించే ఒక రికార్డింగు
- సంస్థ తరఫున అడిగితే రిజిస్ట్రేషన్ పత్రం, నియమావళి, గత 3 ఏళ్ల ఆడిట్ లెక్కలు, స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు సంఖ్య

పేరు విషయంలో జాగ్రత్త. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో పొడి అక్షరంగా, బ్యాంకులో అసలు లేకుండా ఉండడం మన దగ్గర మామూలే. దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి. ఎంపికయ్యాక డబ్బు ఆగేది చాలాసార్లు దీని దగ్గరే.

1. ఒక్కరిగా అడుగుతున్నారా, సంస్థగానా?

ముందు ఇది తేల్చుకోండి. పరిశోధన, స్వరలేఖనం (పాట వరసను స్వరాలుగా కాగితం మీద రాయడం), వ్యక్తిగత సాధన అయితే ఒక్కరిగా అడగాలి. కచేరీలు, సదస్సు, ఉత్సవం, పెద్ద బృందంతో ప్రదర్శన అయితే సంస్థగా అడగాలి. ఈ రెండింటినీ ఒకే దరఖాస్తులో కలిపితే రెండూ పోతాయి.

మీ భజన బృందం ఏళ్ల తరబడి పాడుతున్నా సంఘంగా నమోదు కాకపోతే కేంద్ర గ్రాంటుకు అర్హత రాదు. ఆంధ్రప్రదేశ్ సంఘాల నమోదు చట్టం, 2001 కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకోండి. అయితే చాలా పథకాలు నమోదై 3 ఏళ్లు నిండాలంటాయి. ఈలోగా ఇప్పటికే నమోదైన సంగీత సభతోనో, కళాశాలతోనో కలిసి, దరఖాస్తు వాళ్ల పేరున పెట్టి, పని మీరు చేయవచ్చు. ఎవరి బాధ్యత ఏమిటో కాగితం మీద రాసుకుని సంతకాలు చేసుకోండి.

2. మీకు సరిపడే పథకం

కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాలే ప్రధానం. వ్యక్తులకు ఇచ్చేవాటిని ఢిల్లీలోని సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) నడుపుతుంది. దానికి హైదరాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది.

*18 నుంచి 25 ఏళ్లవారికి:* యువ కళాకారుల ఉపకార వేతనం. నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు. కనీసం 5 ఏళ్లు గురువు దగ్గర నేర్చుకుని ఉండాలి. నిపుణుల ముందు పాడి వినిపించాలి. ఇది సాధనకు ఇచ్చేది, పరిశోధనకు కాదు.

*25 నుంచి 40 ఏళ్లవారికి:* జూనియర్ ఫెలోషిప్. నెలకు 10,000, రెండేళ్లు.

*40 దాటినవారికి:* సీనియర్ ఫెలోషిప్. నెలకు 20,000, రెండేళ్లు.

ఈ రెండు ఫెలోషిప్పులకూ డిగ్రీ ఉండాలి. డబ్బు నెలనెలా రాదు. ఆరు నెలలకోసారి, నాలుగు సమాన వాయిదాల్లో వస్తుంది. అంటే జూనియర్‌కు ఒక్కో వాయిదా 60,000, సీనియర్‌కు 1,20,000. ఇంటి ఖర్చుకు నెల జీతంలా లెక్కవేసుకుంటే ఇబ్బంది పడతారు.

ఒక షరతును చాలామంది చూడరు. ఈ ఫెలోషిప్ శిక్షణ ఇవ్వడానికి, వర్క్‌షాపులు, సదస్సులు జరపడానికి కాదు. "పిల్లలకు అన్నమయ్య పాటలు నేర్పిస్తాను" అన్న ప్రతిపాదన ఎంత మంచిదైనా ఇక్కడ నిలవదు. పుస్తక పరిశోధనైనా ఉండాలి, ప్రదర్శనతో ముడిపడిన పరిశోధనైనా ఉండాలి.

*యూనివర్సిటీ దారి:* పీహెచ్‌డీ చేయగలిగితే జాతీయ అర్హత పరీక్ష (నెట్) రాసి జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకోండి. ఇది పైన చెప్పిన జూనియర్ ఫెలోషిప్ కాదు. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం దగ్గర్లో ఉన్నాయి. సంగీత శాఖ కావాలంటే తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. వయసు, చదువు అనుకూలిస్తే డబ్బు పరంగా ఇదే మేలు.

*సంస్థలకు:* సాంస్కృతిక కార్యక్రమాలు, ప్రదర్శనల గ్రాంటు. ఒక కార్యక్రమానికి మామూలుగా 5 లక్షల వరకు. మొత్తం ఖర్చులో 75 శాతానికి మించి ఇవ్వరు. గురుశిష్య పరంపర కింద బృందాలకు ఇచ్చే సహాయం మరొకటి. దీనిలో గురువుకూ శిష్యులకూ నెలనెలా కొంత మొత్తం లెక్కన ఇస్తారు. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రానికి మన రాష్ట్రం సభ్యురాలు కాబట్టి అక్కడి ప్రకటనలూ చూస్తూ ఉండండి.

మొత్తాలు, వయసు లెక్కించే తేదీ, ఆఖరి గడువు ఏటా ప్రకటనలో ఉంటాయి. పాత ప్రకటన పట్టుకుని నింపవద్దు. ఎవరైనా "ఇప్పిస్తాం, ఇంత ఇవ్వండి" అంటే అక్కడితో మాట ఆపేయండి. ఈ దరఖాస్తులు ఎవరికి వారే పెట్టుకోగలరు.

3. విషయాన్ని కుదించండి

అన్నమయ్య (1408–1503) 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి. రాగిరేకుల మీద మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. అయినా అవి వేల సంఖ్యలో ఉన్నాయి. "అన్నమాచార్య సంకీర్తనల సమగ్ర పరిశీలన" అని శీర్షిక పెడితే రెండేళ్లలో కాదని చూడగానే తెలిసిపోతుంది. ఆ పేరుతో వచ్చే దరఖాస్తును ఏ కమిటీ అయినా ఎందుకు నమ్ముతుంది?

కడపలో ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. పాటలో వచ్చే ఊళ్లు మీ ఇంటి చుట్టూ ఉన్నాయి. దేవుని కడప వేంకటేశ్వరుణ్ని అన్నమయ్య కడపరాయడని పిలిచి పాడాడు. రాజంపేట దగ్గర తాళ్లపాక ఆయన పుట్టిన ఊరు. ఉత్తరాన అహోబిలం ఆయన నేర్చిన వైష్ణవానికి మూలస్థానం. ఢిల్లీలోనో చెన్నైలోనో కూర్చున్న పరిశోధకుడు రైలెక్కి రావాల్సిన చోటికి మీరు సాయంత్రం వెళ్లి రాగలరు. దీన్ని వాడుకోండి.

పనికి వచ్చే కొన్ని విషయాలు:

- దేవుని కడప మీద ఉన్న సంకీర్తనలన్నిటినీ సంపుటాల నుంచి ఏరి, రాగాల వారీగా పరిశీలించి, 20 పాటలకు స్వరలేఖనం చేయడం.
- రాజంపేట పరిసర గ్రామాల భజన బృందాలు పాడే అన్నమయ్య పాటల వరసలను రికార్డు చేసి, కచేరీ వరసలతో పోల్చడం. వయసు మళ్లిన గాయకులు ఉండగానే చేయవలసిన పని ఇది. నన్నడిగితే ముందు దీనికే డబ్బు రావాలి.
- రేకుల మీద కనిపించే కొండమలహరి, అమరసింధు, ముఖారిపంతు వంటి అరుదైన రాగనామాలు ఏ పాటలకు ఉన్నాయో, ఆ పాటలను ఈనాడు ఏ రాగంలో పాడుతున్నారో చూడడం.
- అన్నమయ్య కొడుకు పెదతిరుమలాచార్యుడు, మనవడు చినతిరుమలాచార్యుల పాటలు. అన్నమయ్య నీడలో పడి వీళ్లు కచేరీల్లో అంతగా వినపడరు. చినతిరుమలాచార్యుడి సంకీర్తన లక్షణ గ్రంథాన్ని వాళ్ల పాటలకు అన్వయించి చూడవచ్చు.

సరిచూసుకునే పద్ధతి: మీ విషయాన్ని సంగీతం తెలియని ఒకరికి ఒక్క వాక్యంలో చెప్పండి. "చివరికి ఏమి ఇస్తారు?" అని అడిగితే లెక్కపెట్టగలిగే జవాబు రావాలి. ఇన్ని పాటల పాఠం, ఇన్నిటికి స్వరలేఖనం, ఇన్ని గంటల రికార్డింగు, ఒక నివేదిక. అలా రాకపోతే విషయం ఇంకా కుదరలేదు.

4. సాహిత్యం ఎవరిది, వరస ఎవరిది?

ఈ అడుగు దగ్గర ఆగి నెమ్మదిగా చదవండి. సగం ప్రతిపాదనలను బలహీనపరిచేది ఈ గందరగోళమే.

తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో దొరికిన రేకుల మీద పాట, దాని రాగం పేరు ఉన్నాయి. ఎక్కువ పాటలకు తాళం లేదు, స్వరాలు లేవు. అంటే ఈనాడు మనం వినే వరసల్లో అధిక భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. అనంతపురం జిల్లా రాళ్లపల్లికి చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) వందకు పైగా పాటలకు స్వరాలు కట్టి ప్రచురించారు. తర్వాత నెదునూరి కృష్ణమూర్తి, బాలమురళీకృష్ణ, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు తమ తమ బాణీలు ఇచ్చారు. అందరికీ నోటికి వచ్చిన "నానాటి బతుకు" రేవతి రాగపు వరస నెదునూరి గారిది.

కాబట్టి "అన్నమయ్య అసలు వరసలను వెలికితీస్తాను" అని రాయవద్దు. రాగిరేకుల్లో లేనిదాన్ని వెలికితీయడం కుదరదు. కమిటీలో ఒక్క సంగీత విద్వాంసుడు ఉన్నా ఆ వాక్యం దగ్గరే పక్కన పెడతాడు. దాని బదులు "రేకు మీది రాగాన్ని పాటించి కొత్తగా స్వరపరుస్తాను" అనో, "వాడుకలో ఉన్న వరసలను సేకరించి పోలుస్తాను" అనో రాయండి. రెండూ నిజాయితీ గల పనులే, రెండూ చేయదగినవే.

చట్టం సంగతి కూడా చూడాలి. అన్నమయ్య సాహిత్యం అందరిదీ. వరస మాత్రం కట్టినవారి హక్కు. మన దేశంలో అది కర్త మరణించిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. 1979లో వెళ్లిపోయిన రాళ్లపల్లి వారి స్వరాలకే 2039 చివరి వరకు హక్కు ఉంటుంది. వాటిని అచ్చు వేయాలన్నా, రికార్డు చేసి విడుదల చేయాలన్నా ప్రచురణకర్త నుంచి, వారసుల నుంచి అనుమతి తీసుకోండి. అనుమతి కుదరకపోతే మీరే కొత్తగా స్వరపరచుకోండి. ఏ దారి పట్టినా ప్రతి పాట పక్కన స్వరకర్త పేరు రాయండి. సినిమాలో విన్న వరసను సంప్రదాయ వరసగా చూపవద్దు.

ప్రతి పాటకూ ఈ వివరాలు పట్టికగా రాసిపెట్టుకోండి: పల్లవి, సంపుటం, రేకు సంఖ్య, రేకు మీది రాగం, ఇప్పుడు పాడే రాగం, తాళం, స్వరకర్త. దరఖాస్తుకు ముందే పది పాటలకు ఈ పట్టిక తయారుచేసి జతపరచండి. పదిపేజీల పొగడ్త చేయలేని పని ఆ ఒక్క పేజీ చేస్తుంది.

5. ప్రతిపాదన రాయండి

దరఖాస్తు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. అయినా ముందు తెలుగులో రాయండి. ఆలోచన తెలుగులో తేటపడ్డాక భాష వచ్చినవారి చేత మార్పించుకోండి. రాగాల పేర్లు, ఊళ్ల పేర్లు మారిన తర్వాత ఒకసారి మీరే చూడండి. అనువదించినవారికి సాళంగనాట, సామంతం తెలియకపోవచ్చు.

వరుస ఇలా పెట్టండి:

(అ) ఏ పని, ఎన్ని పాటలు: నాలుగైదు వాక్యాలు.

(ఆ) ఇప్పటివరకు ఎవరు ఏమి చేశారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి మొదలైనవారి పరిష్కరణలు, 1978లో మొదలైన తిరుమల తిరుపతి దేవస్థానాల అన్నమాచార్య ప్రాజెక్టు ప్రచురణలు చూడకుండా "ఇంతవరకు ఎవరూ చేయలేదు" అని రాయకండి. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని మొదలుపెట్టండి. దొరకనిది తిరుపతిలో చూడండి.

(ఇ) పద్ధతి.

(ఈ) కాలపట్టిక. ఫెలోషిప్‌కు నాలుగు వాయిదాలు కాబట్టి పనినీ నాలుగు ఆరునెలలుగా విడగొట్టండి. మొదటి ఆరునెలల్లో పాటల సేకరణ, పాఠం సరిచూడడం. రెండో దానిలో ఊళ్లు తిరగడం, పాడేవారితో మాటలు, రికార్డింగులు. మూడో దానిలో స్వరలేఖనం. చివర ప్రదర్శన, నివేదిక. ప్రతి ఆరునెలలకూ నివేదిక పంపితేనే తర్వాతి వాయిదా కదులుతుంది. కనుక మీరు మాట ఇచ్చినదే మీ మీద గడువు అవుతుంది. ఎక్కువ చెప్పుకోవద్దు.

(ఉ) మీరే ఎందుకు చేయగలరు. గురువు, శిక్షణ, ఇంతకుముందు చేసిన పని. ఇక్కడ వినయం అడ్డు రానివ్వకండి. పన్నెండేళ్లు పాడినవారు "కొంత అభ్యాసం ఉంది" అని రాస్తారు. పన్నెండేళ్లు అనే రాయండి.

అన్నమయ్య జీవిత చరిత్రకు ఒక పేరా చాలు. జననం, తిరుమల ప్రయాణం, సాళువ నరసింహరాయల కథ, అన్నీ చెప్పుకుంటూ పోతే మీ పని ఆరో పేజీలో మొదలవుతుంది. అక్కడివరకు చదివేవారు ఉండరు.

6. సంస్థల కోసం: లెక్క

ఫెలోషిప్ అడిగేవాళ్లు ఈ అడుగు దాటేయవచ్చు.

మొత్తం ఖర్చు 4 లక్షలు అనుకుందాం. 75 శాతం పరిమితి ప్రకారం గ్రాంటు 3 లక్షలు. మిగిలిన లక్ష మీరు తేవాలి. ఆ 3 లక్షలు కూడా ఒకేసారి రావు. మొదట 75 శాతం, అంటే 2,25,000. మిగతా 75,000 కార్యక్రమం అయి, లెక్కలు పంపాక. కాబట్టి కార్యక్రమం నాటికి మీ చేతిలో ఉండాల్సింది లక్ష కాదు, 1,75,000. ఈ తేడాకు సిద్ధంగా లేని సంఘాలు పక్కవాద్యాల వారికి బాకీ పడతాయి. మృదంగం, వయొలిన్ వాయించినవారిని నెలల తరబడి నిలబెట్టడం మంచిది కాదు. చందాలు ముందే వసూలు చేయండి, లేదా కార్యక్రమాన్ని తగ్గించుకోండి.

తేదీ విషయం. అన్నమయ్య జయంతి వైశాఖ పౌర్ణమికి, వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశికి వస్తాయి. రెండోది మార్చి నెలకు అటూఇటూ పడుతుంది. అంటే ఆర్థిక సంవత్సరం ముగింపు. బిల్లులు రెండు సంవత్సరాల్లో చీలిపోతాయి. ఆ రోజుల్లో తాళ్లపాకలో దేవస్థానం ఉత్సవాలు కూడా ఉంటాయి కాబట్టి కళాకారులు దొరకడం కష్టం. వైశాఖంలో అయితే కడప ఎండకు పగటి కార్యక్రమం వద్దు. కార్తీకం, మార్గశిరం మేలు.

7. అనుమతులు, పంపడం

దేవుని కడప, ఒంటిమిట్ట ఆలయాలు తిరుమల తిరుపతి దేవస్థానాల నిర్వహణలో ఉన్నాయి. అక్కడ పాడాలన్నా, రికార్డు చేయాలన్నా రాతపూర్వక అనుమతి తీసుకోండి. అర్చకులు నోటిమాటగా సరే అంటే చాలదు. పల్లెల్లో వృద్ధ గాయకులను రికార్డు చేసేటప్పుడు వాళ్ల నుంచీ ఒక కాగితం తీసుకోండి: పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, రికార్డింగు ఎందుకు వాడతారు. చదవలేనివారికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. వాళ్ల పాట వాళ్లదేనని మీ నివేదికలో కనపడాలి.

ఆన్‌లైన్‌లో పంపేటప్పుడు ఆఖరి రోజు వరకు ఆగవద్దు. పంపాక వచ్చే నమోదు సంఖ్యను కాగితం మీద రాసుకోండి. ఎక్కించిన ప్రతి ఫైలును తిరిగి తెరిచి చూడండి. ఖాళీ పేజీ, తలకిందులైన సర్టిఫికెట్, వినపడని రికార్డింగు తరచూ వెళుతుంటాయి.

8. డబ్బు వచ్చాక

సంస్థలు గ్రాంటు కోసం విడిగా ఖాతా పెట్టుకోవాలి. పారితోషికాలన్నీ బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఆ డబ్బు మీద వచ్చిన వడ్డీ మీది కాదు, ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. ముగిశాక చార్టర్డ్ అకౌంటెంటు సంతకంతో ప్రభుత్వ ఆర్థిక నియమాల్లోని జీఎఫ్ఆర్ 12-ఎ నమూనాలో, డబ్బు దేనికి వాడారో తెలిపే వినియోగ పత్రం పంపాలి. అది పంపని సంస్థకు మళ్లీ గ్రాంటు రావడం కష్టం.

వ్యక్తులు గుర్తుంచుకోవలసింది ఒకటి. ఈ ఫెలోషిప్ తీసుకుంటూ అదే కాలంలో ప్రభుత్వం ఇచ్చే మరో ఫెలోషిప్ తీసుకోకూడదు.

ఇక పని సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం. స్వరలేఖనానికి నాకు తెలిసిన మంచి పరీక్ష ఒకటి ఉంది. మీరు రాసిన కాగితాన్ని, ఆ పాట ఎప్పుడూ వినని గాయకుడికి ఇవ్వండి. మీరు నోరు విప్పవద్దు. ఆయన చూసి పాడినది మీ రికార్డింగుతో పోల్చండి. ఎక్కడ తడబడ్డాడో అక్కడ మీ గుర్తులు చాలలేదు: గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) రాయలేదు, తాళంలో పాట ఎక్కడ ఎత్తుకోవాలో చెప్పలేదు, లేదా తాళం దెబ్బ తప్పుగా పడింది. సాహిత్యానికి మరో పరీక్ష. అచ్చులో ఉన్న పాఠాన్ని ఒకరు గట్టిగా చదవాలి, మీరు మీ కాగితం చూస్తూ వినాలి. పాడి పాడి నోటికి వచ్చిన మాట అచ్చులోని మాటను ఎన్నిసార్లు తోసేస్తుందో అప్పుడు తెలుస్తుంది. తేడా ఉన్నచోట రెండూ రాయండి. భజన బృందం పాడే మాటను తప్పుగా కొట్టివేయకండి, అది కూడా మీ పరిశోధనకు సామగ్రే.

ఎంపిక కాకపోతే

పోటీ దేశమంతటి నుంచి ఉంటుంది. ఒక విడతలో రాలేదంటే విషయం పనికిరాదని కాదు. ప్రతిపాదనను పారేయకుండా మళ్లీ చదవండి. విషయం పెద్దదైతే సగానికి తగ్గించండి. పట్టికలో పది పాటలుంటే ఇరవై చేయండి. ఈ మధ్యకాలంలో సొంత ఖర్చుతో అయినా రెండు ఊళ్లు తిరిగి ఇద్దరు ముగ్గురు గాయకులను రికార్డు చేసి పెట్టండి. తర్వాతి దరఖాస్తులో "చేస్తాను" అన్న చోట "మొదలుపెట్టాను" అని రాయగలుగుతారు. రికార్డింగులకు రెండో ప్రతి తీసి వేరే చోట దాచండి, ఒకటి ఆ గాయకుల ఇంట్లోనూ ఇవ్వండి.